గుసుల్‌ఖానా గోడకి ఏ రంగు?



షాబాన్ నెల వచ్చిందంటే మా బహదూర్‌పురా గల్లీల్లో చునా వాసన మొదలవుతుంది. రంజాన్ రాకముందే ఇల్లు సాఫ్ కావాలి, గోడలకు రంగు పడాలి. ఈసారి మా ఇంట్లో దాలాన్ గురించి ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవున్న గుసుల్‌ఖానా మీదే. ముదురు బూడిద రంగే మళ్ళీ వేద్దామని మా బేటీ ఫోన్‌లో ఫోటోలు చూపిస్తోంది. అమ్మీది ఒకటే మాట: "చునా కొట్టించు బేటా, అందులో చిటికెడు నీల్ వేయించు."

"మళ్ళీ" అని ఎందుకన్నానంటే, రెండేళ్ళ కింద ఆ బూడిద రంగు వేయించింది నేనే. కింద బండలూ అదే రంగు, గడపా అదే రంగు. అమ్మీకి డెబ్బై దాటాయి, కళ్ళలో మోతియాబింద్ మొదలైంది. ఒకరోజు ఫజర్ వేళ వుజూకి వెళ్ళి, గోడ ఎక్కడ ముగిసిందో గడప ఎక్కడుందో తెలియక జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. తప్పు రంగుది కాదు, నాది. నేను రంగు చూశాను, అమ్మీ కళ్ళు చూడలేదు.

అప్పట్నుంచీ ఒక సవాల్ నన్ను వదల్లేదు. మన బుజుర్గులు గుసుల్‌ఖానాకి తెలుపే ఎందుకు వేశారు? గరీబీ వల్లనా, తెలిసే వేశారా?

మా మొహల్లా పక్కనే జవాబు సగం ఉంది. జూపార్క్‌ని ఆనుకుని ఉన్న మీర్ ఆలం చెరువు కట్ట చూడండి. 1804 నుంచి 1808 దాకా నిజాం దివాన్‌గా ఉన్న మీర్ ఆలం పేరు మీద వెలిసిన చెరువు అది. వరసగా పేర్చినట్టున్న 21 కమాన్లు. రాయి, సున్నం. అంతే. రెండు వందల ఏళ్ళుగా నీళ్ళను ఆపుతూ నిలబడి ఉంది. ఉస్మాన్ సాగర్ రాకముందు షహర్‌కి తాగునీళ్ళిచ్చిన చెరువుల్లో ఇదొకటి. 1591లో కట్టిన చార్మినార్ మీద కనిపించే పూలూ తీగలూ కూడా సున్నపు గచ్చులో మలిచినవే. సున్నం గరీబుల సామాను కాదు. బాద్షాలు దాన్నే వాడారు.

కుతుబ్‌షాహీ గుంబజుల దగ్గర హమామ్ ఉంది. అక్కడ రాజకుటుంబాల మయ్యత్‌లకు ఆఖరి గుసుల్ ఇచ్చేవారని చెబుతారు. బాద్షాహీ ఆషూర్‌ఖానా గోడలకైతే నీలం, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో కాల్చిన పలకలు తాపారు. అంటే మన షహర్‌కి రంగులు తెలియక కాదు. తెలిసి కూడా నీళ్ళు పడేచోట ఇళ్ళవాళ్ళు సున్నాన్నే ఎంచుకున్నారు.

వజహ్ ఏంటంటే, కాల్చిన సున్నపురాయిని నీళ్ళలో వేస్తే సలసల మరుగుతుంది. కొన్నాళ్ళు నాననిచ్చి, బట్టతో వడకట్టి, కాస్త బంక కలిపి కుంచెతో పూస్తారు. గోడ మీద ఆరేకొద్దీ అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. తడిసున్నానికి ఘాటైన క్షారగుణం ఉంది. అందులో బూజు బతకదు. పైగా సున్నపు పొర చెమ్మను లోపల బంధించదు, బయటికి పోనిస్తుంది. ఏటా షాబాన్‌లో ఒక కోటు వేయడమంటే, ఏటా గోడకి దవా ఇవ్వడమే.

మరి నీల్? సున్నం ఆరాక కొంచెం పసుపుజాడ కనిపిస్తుంది. చిటికెడు నీలం పడితే కంటికి ఇంకా తెల్లగా తోస్తుంది. 1820ల్లో ఫ్రాన్సులో గిమే అనే కెమిస్ట్ కృత్రిమంగా అల్ట్రామెరైన్ నీలాన్ని తయారుచేశాక అది చవకైంది. సున్నపు ఘాటుకి విరగని రంగు అది. బట్టలకు పెట్టే నీలే గోడకీ ఎక్కింది.

ఇక అసలు మార్పు రంగు డబ్బాలతో రాలేదు, మోరీలతో వచ్చింది. పాత ఇళ్ళలో గుసుల్‌ఖానా అంటే సెహన్‌లో ఒక మూల, అడ్డంగా పరదా, కింద మోరీ. పైన ఆకాశం, ఎండ, గాలి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమంది జానులు తీసింది. తర్వాత నిజాం సర్కార్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను ఆపే జలాశయాలతో పాటు షహర్‌కి భూగర్భ డ్రైనేజీ కావాలని ఆయన చెప్పారు. 1911లో ప్లేగు వచ్చింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. మెల్లమెల్లగా నల్లాలూ మోరీలూ ఇళ్ళదాకా వచ్చాయి. సెహన్‌లోని గుసుల్‌ఖానా లోపలి గదిగా మారింది. తర్వాత వాటాలు పంచుకుంటూ సెహన్లే పోయాయి. గోడకి ఎండ పోయింది, గాలి పోయింది, సీలన్ మిగిలింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే డిస్టెంపరూ ఎనామెలూ బజారుకొచ్చాయి. ఏషియన్ పెయింట్స్ 1942లో మొదలైంది. 1954లో ఆర్.కె.లక్ష్మణ్ గీసిన గట్టూ, చేతిలో కుంచెతో, దుకాణాల మీద నవ్వుతూ నిలబడ్డాడు. మన ఇళ్ళలో పిస్తా రంగు, ఆస్మానీ రంగు చేరాయి. చూడ్డానికి ఖూబ్సూరత్. కానీ తడి గోడ మీద ఊపిరాడని రంగు పొర వేస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు. అప్పడంలా ఉబ్బి పెచ్చులు ఊడుతుంది.

రంగు జానులు తీసిన కాలం కూడా ఉంది. 1775లో స్వీడన్ కెమిస్ట్ షీలే పాషాణంతో ఒక అందమైన ఆకుపచ్చ చేశాడు. యూరప్ ఇళ్ళ గోడకాగితాల్లో ఆ రంగు బాగా వాడారు. చెమ్మ గదుల్లో జనం జబ్బుపడ్డారు. ఆ రంగు మీద పెరిగే బూజు విషవాయువు వదులుతుందని 1890ల్లో ఇటలీ డాక్టర్ గోసియో నిరూపించాడు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న కాయిదా 2016లో వచ్చి, 2017 నవంబర్ నుంచి అమలైంది. పాత ఎనామెల్ గీకేటప్పుడు పిల్లలను దూరంగా ఉంచండి, దుమ్ము తడిబట్టతో తుడవండి.

కళ్ళ డాక్టర్‌ని అడిగితే ఇంకో సంగతి చెప్పారు. వయసు పెరిగేకొద్దీ కంటి కటకం పసుపెక్కుతుంది, దగ్గరదగ్గర రంగుల మధ్య తేడా తెలియదు. అంటే పెద్దవాళ్ళకి కావాల్సింది ఫలానా రంగు కాదు, ఫరక్. గోడకీ నేలకీ ఫరక్, గడపకీ బండకీ ఫరక్.

ఆఖరికి మా ఇంట్లో సులహ్ ఇలా కుదిరింది. ముందు కారే పైపు బాగుచేయించాం, నెలరోజులు గోడ ఆరనిచ్చాం. ప్లాస్టిక్ రంగు మీద సున్నం పట్టదు కాబట్టి పాతదంతా గీకించాం. నల్లా నీళ్ళు చిమ్మే ఎత్తుదాకా తెల్ల టైల్స్, ఆపైన కప్పుదాకా నీల్ కలిపిన చునా. బూడిద రంగు బేటీకే వదిలాం, కానీ గోడకి కాదు. తెల్ల వాష్‌బేసిన్ కింద ఉన్న అల్మారాకి ఆ ముదురు ఎనామెల్ వేయించాం. ఇప్పుడు బేసిన్ అంచు అమ్మీకి దూరం నుంచే కనిపిస్తుంది. గడపకి పసుపు పట్టీ, పట్టుకునే కడ్డీకి ఎరుపు. అద్దం ఎదురుగా ఉన్న గోడ తెలుపే. అక్కడ పచ్చ వేస్తే ఆ ఛాయ మొహం మీద పడుతుంది.

మీరూ ఏ రంగైనా ఎంచేముందు రెండు చేతులంత మేర పూసి, రాత్రి బల్బు వెలుతురులో చూడండి. ఇంట్లో అందరికన్నా బుజుర్గ్ ఎవరో వాళ్ళను పిలిచి చూపించండి.

నిన్న ఫజర్‌కి అమ్మీ కడ్డీ పట్టుకుని తనే వెళ్ళి వుజూ చేసుకుని వచ్చింది. నన్ను లేపలేదు. "రౌష్నీ వచ్చింది బేటా" అంది. బల్బు మాత్రం పాతదే.