చెఱువులో మోటారు పడవ: ఒక కట్టుబాటు చరిత్ర

హబ్సిగూడ యనగానే నేటివారికి తార్నాక కూడలి, ఉస్మానియా విశ్వవిద్యాలయము, జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ స్ఫురించును. నిజాము కొలువులోని హబ్సీలు, అనగా అబిసీనియా దేశపు సైనికులు, నివసించుటచే ఆ పేరు వచ్చెనని పెద్దలు చెప్పుదురు. కాని రోడ్లకు, మేడలకు పూర్వమే ఇది చెఱువుల సీమ. నాచారము పెద్దచెఱువు, రామంతాపురము పెద్దచెఱువు, ఉప్పలు నల్లచెఱువు దీనికి ఇరుగుపొరుగులు. పడమట హుస్సేనుసాగరము, దక్షిణమున మూసీనది కలవు. ఇట్టి సీమలో తఱచుగా పుట్టుచున్న వివాదమొకటి గలదు. చేపలు పెంచుకొను చిన్న చెఱువులో పెట్రోలు మోటారు బిగించిన పడవను నడుపవచ్చునా? నడుపరాదనుటకు అధికారమెవరిది? ఈ ప్రశ్న క్రొత్తదిగా తోచును గాని, దాని మూలము మిక్కిలి ప్రాచీనము.

కౌటిల్యుని అర్థశాస్త్రమున జనపదనివేశమును గూర్చిన ప్రకరణమొకటి కలదు. సేతువులయందలి చేపలు, దాటించు పడవలు, నీటిలో పెరుగు కూరాకులు, ఈ మూడింటిపై రాజునకు స్వామ్యము కలదని అందు చెప్పబడినది. చేపను, పడవను ఒక్క వాక్యమున చేర్చుట గమనింపదగినది. నావధ్యక్షుడను అధికారి సముద్రమునందు, నదులయందే గాక చెఱువులయందును పడవల లెక్క చూచుచుండెను. బెస్తవారు రాజు పడవకు అద్దెగా తాము పట్టిన చేపలలో ఆఱవపాలు చెల్లింపవలసియుండెను. నీటిపై తేలునది యేదైనను నీటిలోని సంపదకు లోబడి యుండవలెనను భావము ఆనాడే కలదన్నమాట.

మన ఆంధ్రదేశమున దీనికి తోడు చెప్పదగినది పోరుమామిళ్ల శాసనము. కడప సీమలో శకవర్షము 1291, అనగా క్రీస్తుశకము 1369లో, బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు ఆ చెఱువును కట్టించెను. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండు సంవత్సరముల కాలము పట్టినవని శాసనము చెప్పుచున్నది. మంచి చెఱువునకు పండ్రెండు సాధనములు, చెడ్డ చెఱువునకు ఆఱు దోషములు అందు లెక్కింపబడినవి. జలశాస్త్రము నెఱిగిన విద్వాంసుడు ఆ సాధనములలో నొకటి. కట్టనుండి నీరు స్రవించుట ఆ దోషములలో నొకటి. అనగా చెఱువు తవ్వించినవారు దాని మంచిచెడ్డలను రాతిపై వ్రాయించి, రాబోవు తరములకు అప్పగించిరి.

ఇంగ్లీషువారి పాలనలో చేపలను గూర్చిన శాసనము 1897లో వెలువడెను. మందుగుండుతో చేపలను చంపుట, సున్నము గాని విషము గాని కలుపుట అందు నేరములు. ఆ శాసనమున ఒక చిత్రమున్నది. రాష్ట్ర ప్రభుత్వములు నియమించుటకు వీలుగా పేర్కొనబడిన సాధనములలో ‘స్థిరమైన ఇంజను’ అను మాట కనుపించును. అది చదివి మోటారని తలచుట పొరపాటు. నేలలో పాతియో, మఱొక విధమున కదలకుండ నిలిపియో చేపలు పట్టు వలకు, బోనునకు, మావునకు ఆ శాసనకర్తలు పెట్టిన పేరది. మోటారు పడవ ఇంకను వారి ఊహకు రాలేదు.

ఆ మోటారు లోకమునకు వచ్చినది పండ్రెండేండ్ల తరువాత. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలె ఎవిన్‌రూడ్, పడవ వెనుక తగిలించు పెట్రోలు మోటారును 1909లో అమ్మకమునకు పెట్టెను. విశేషమేమనగా, ఆ యేడే జర్మనీలోని బవేరియా సీమయందు కోనిగ్‌సే అను కొండ సరస్సున విద్యుత్తుతో నడచు పడవలు ప్రవేశపెట్టబడెను. నేటికిని అచట ప్రయాణికులను చేరవేయునవి విద్యుత్తు పడవలే. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున చేపలకై ఉంచిన చిన్న సరస్సులలో పెక్కింట విద్యుత్తు మోటారు తప్ప తక్కినది నడుపరాదని నియమము గలదు.

మన దేశమున 1917లో ఆవిరి పడవలకై శాసనము వచ్చెను. 1977లో దాని పేరునుండి ఆవిరి మాట తొలగెను. 2021లో దాని స్థానమున క్రొత్త శాసనము చేయబడెను. ఇవి పడవ గట్టిదనమును, నమోదును, నడుపువాని యోగ్యతను విచారించును. ప్రయాణికుని ప్రాణమునకు ఇవి రక్ష. కాని పడవ క్రిందనున్న చేపను ఇవి ప్రధానముగా చూడవు.

ఆ మోటారు చేపకు చేయు కీడు నాలుగు విధములు. మొదటిది చమురు. పాత రకపు టూ-స్ట్రోక్ యంత్రములో పెట్రోలు, కందెన కలిసియుండును. అందు కొంత భాగము కాలకయే పొగతోపాటు నీటిలో పడును. ఈ కారణముననే అమెరికాలోని తాహో సరస్సున అట్టి పాత యంత్రములను 1999లో నిషేధించిరి. రెండవది బురద. మన చెఱువులు లోతు తక్కువవి. వేసవిలో నడుములోతు నీరున్నచోట రెక్క తిరిగిన అడుగు మట్టి లేచి, వెలుతురు లోనికి పోదు. మూడవది నాచు, తుంగల నాశము. తెలంగాణ రాష్ట్రపు చేపయైన కొఱ్ఱమీను ఒడ్డున కలుపు మొక్కల నడుమ గూడు చేసి, పిల్లలను కాచుకొనును. రెక్కకు ఆ గూడు తెలియదు. నాలుగవది అల. వేగముగా పోవు పడవ లేపిన అల కట్టను మాటిమాటికి కొట్టును. బెస్తవాని వల తెగుట దీనికి అదనము.

ఈ చిన్న నీళ్లను గూర్చిన విద్య హబ్సిగూడ ప్రక్కనే పెంపొందుట మనకు గర్వకారణము. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఎ.ఆర్. జాఫర్, హైదరాబాదులోని చేపల కుంటలలో పెరుగు నాచును గూర్చి 1964లో పరిశోధన వెలువరించెను. నాచు వెలుతురుపై బ్రతుకును. నాచును, దానిని తిను సూక్ష్మజీవులను ఆశ్రయించి చేప బ్రతుకును. కావున నీటిని కలచుటయనగా చేప విస్తరిని లాగుటయే.

హుస్సేనుసాగరము కథ ఇచట చెప్పక తీరదు. ఇబ్రాహీం కుతుబ్‌షా కాలమున, 1562 ప్రాంతమున, హుస్సేన్‌షా వలీ పర్యవేక్షణలో అది నిర్మింపబడెను. నగరమునకు త్రాగునీరిచ్చిన ఆ సాగరము, 1920లో ఉస్మానుసాగరము, 1927లో హిమాయతుసాగరము పూర్తియైన పిదప ఆ బాధ్యతనుండి తొలగెను. తరువాత మురుగు, కార్ఖానాల మలినము దానిని చెఱచినవి. ఇటీవలి కాలమున విహారపు పడవలు అందు తిరుగుచున్నవి. సాగరము చెడుటకు మూలము మురుగే గాని మోటారు కాదు. ఆ నింద పడవపై వేయుట న్యాయము గాదు. కాని ఒక పాఠము మాత్రము స్పష్టము. త్రాగునీరు, చేప అను పనులు పోయిన నీరు చివరకు విహారమునకు మాత్రమే మిగులును. చిన్న చెఱువునకు ఆ గతి రాకముందే కట్టుబాటు కావలెను.

పెద్ద సరస్సులకు కట్టుబాటు కొంత వచ్చినది. తాటి దోనెలకు పేరుగన్న కొల్లేరు 1999లో వన్యప్రాణుల అభయారణ్యమై, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల రామ్‌సార్ పట్టికలో చేరెను. అట్టి చిత్తడినేలలలో మోటారు పడవ నడుపుటకు రాష్ట్ర ప్రభుత్వపు ముందస్తు అనుమతి కావలెననియు, అది ప్రకృతికి, జీవరాశికి హాని చేయనిదై యుండవలెననియు 2010 నాటి కేంద్ర నియమములు స్పష్టముగా చెప్పెను. వాని స్థానమున వచ్చిన 2017 నియమములు ఏ పనిని అదుపుచేయవలెనో నిర్ణయించు భారమును అధికముగా రాష్ట్రములకు అప్పగించినవి. అంతేగాక సేద్యమునకు, త్రాగునీటికి మనుష్యులు కట్టిన జలాశయములను చిత్తడినేలయను నిర్వచనమునుండి తొలగించినవి.

లెక్క చూచువారు ఇచట ఆగవలెను. మన చెఱువులన్నియు సేద్యమునకై పెద్దలు కట్టినవే కదా! తూము, అలుగు, ఆయకట్టు గల ప్రతి చెఱువును ఆ నిర్వచనము వెలుపల నిలుచుచున్నది. నీటిని చెఱచుట నేరమని 1974 నాటి జలకాలుష్య నివారణ శాసనము, 2002 నాటి జల, భూమి, వృక్ష పరిరక్షణ శాసనము చెప్పుచునే యున్నవి. అయినను కీడు జరిగిన పిదప ఫిర్యాదు చేయుట వేఱు; కీడు రాకముందే ఒడ్డున పలక నిలుపుట వేఱు. చేపల హక్కును పాటలో గాని కౌలుపై గాని పొందిన సంఘము, ఎవరో సరదాకు తెచ్చిన మోటారు వలన నష్టపడిన, ఆ నష్టము ఏ పద్దులో వ్రాయబడును?

కావున ఆ ఖాళీని పూరింపవలసినవారు స్థానికులే. 1992 నాటి రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో చిన్న నీటి పారుదలను, మత్స్య పరిశ్రమను చేర్చినది. మత్స్యకారుల సహకార సంఘము, పంచాయతి, సేద్యపు శాఖ కూడి తీర్మానించిన కట్టుబాటు నాలుగు మాటలలో ముగియును. చేపల చెఱువులో తెడ్డు పడవకు, తెప్పకు, పుట్టికి అడ్డులేదు. చమురు మోటారును దింపరాదు. అవసరమైనచో బ్యాటరీ మోటారును మెల్లగా, ఒడ్డునకు దూరముగా నడుపవచ్చును. మునుగువారిని రక్షించుటకు వచ్చు పడవకు ఏ నిషేధమును లేదు. ఈ చివరి మాట మఱువరాదు. చేపకై చేసిన నియమము మనిషి ప్రాణమునకు అడ్డు రారాదు.

పోరుమామిళ్లవారు తమ చెఱువు దోషములను రాతిపై చెక్కించిరి. నేడు అంత శ్రమ అక్కఱలేదు. తీర్మానమును చెఱువుకట్టపై ఒక పలకమీద వ్రాయించి, దాని ప్రతిని గ్రంథాలయమున భద్రపఱచిన చాలును. నోటిమాటగా నున్న కట్టుబాటు చెప్పిన పెద్దతోనే పోవును. గ్రంథాలయమున నున్నది, మఱి యిరువది యైదేండ్లకు చెఱువొడ్డున నిలిచి ఇచట మోటారెందుకు లేదని అడుగు పిల్లవానికి సమాధానము చెప్పును.