విదేశాలలో తొలి నెల కాగితాలు: పాస్‌పోర్టులోని పేరే మూలం

హైదరాబాద్: సనత్‌నగర్, పంజగుట్టల నడుమనున్న అమీర్‌పేట విదేశాలకు వెళ్లదలచిన తెలుగు యువతకు ఏళ్ల తరబడి తొలి మజిలీగా ఉంటున్నది. మైత్రీవనం పరిసరాలలో శిక్షణ సంస్థలు, వాటిని ఆనుకొని జిరాక్సు దుకాణాలు, దరఖాస్తులు నింపిపెట్టే కార్యాలయాలు వెలిశాయి. 2008 అక్టోబరులో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ప్రారంభమైన అమెరికా కాన్సులేట్ 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు తరలినప్పటికీ అమీర్‌పేట రద్దీ తగ్గలేదు. 2024-25 విద్యా సంవత్సరంలో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థుల సంఖ్య 3,63,019. వీసా చేతికి అందగానే కాగితాల పని ముగిసినదని వీరిలో పలువురు భావిస్తారు. అసలు పని దిగిన మరునాటి నుండి మొదలవుతుంది. అక్కడ ఎదురయ్యే చిక్కులలో అధిక భాగం ఇక్కడ, పాస్‌పోర్టు దరఖాస్తు నింపిన నాడే బీజం పడినవి.

ఇంటిపేరు గడి

తెలుగువారి పేరులో ఇంటిపేరు ముందు ఉంటుంది. పదో తరగతి ధ్రువపత్రంలో అది ఒక్కొక్కప్పుడు పూర్తిగా, ఒక్కొక్కప్పుడు పొడి అక్షరంగా నమోదవుతుంది. పాస్‌పోర్టు దరఖాస్తులో పొడి అక్షరాలకు తావు లేదు. పేరుకు ఒక గడి, ఇంటిపేరుకు వేరొక గడి ఉంటాయి. ఈ తేడా గమనించక పేరంతా ఒకే గడిలో వ్రాసి, ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలివేసిన దరఖాస్తులు కోకొల్లలు.

అట్టి పాస్‌పోర్టుపై అమెరికా వీసా జారీ అయినప్పుడు ఉన్న పేరు మొత్తం ఇంటిపేరు స్థానానికి చేరుతుంది. అసలు పేరు ఉండవలసిన చోట ఎఫ్.ఎన్.యు. అను మూడక్షరాలు ముద్రితమవుతాయి. మొదటి పేరు తెలియదని వాటి భావం. అంతటితో ఆగదు. విమానాశ్రయంలో నమోదై, 2013 నుండి ఆన్‌లైన్‌లో లభిస్తున్న ఐ-94 ప్రవేశ పత్రంలోనూ, అటుపై సోషల్ సెక్యూరిటీ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు ఖాతాలలోనూ అదే రూపం కొనసాగవచ్చు. ఒక్కో కార్యాలయం దానికి ముందరి కాగితాన్ని చూసి వ్రాసుకొంటుంది గాని మనిషిని అడిగి వ్రాసుకోదు.

ఇంటిపేరు సరిగా ఉన్నవారికీ చిన్న ఇబ్బంది లేకపోలేదు. వెంకట సాయికిరణ్ అను యువకుడిని ఇంట్లో సాయికిరణ్ అని పిలుస్తారు. అక్కడి ఫారాలు తొలి పదాన్నే పేరుగా స్వీకరిస్తాయి కావున అతడు వెంకట అవుతాడు. తరగతిలో మరి ఇద్దరు వెంకటలు ఉన్నా ఆశ్చర్యం లేదు. ఇది నవ్వుకొని సరిపెట్టుకోదగినది. ఆదాయపు పన్ను రిటర్నులోని పేరు సోషల్ సెక్యూరిటీ రికార్డుతో సరిపోలక వాపసు సొమ్ము ఆలస్యం కావడం మాత్రం అలాంటిది కాదు.

గడువులు

ఎఫ్-1 వీసా పొందిన కొత్త విద్యార్థులు కోర్సు ప్రారంభ తేదీకి 30 రోజుల కంటె ముందుగా అమెరికాలో ప్రవేశించరాదు. చేరిన వెంటనే విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో హాజరు కావాలి. కోర్సు మొదలైన 30 రోజులలోగా విశ్వవిద్యాలయం వారి పేరును సెవిస్ వ్యవస్థలో నమోదు చేయవలసి ఉంటుంది. నివాసం మారిన ప్రతిసారీ 10 రోజులలోగా తెలియజేయాలి. తొలి వారాలు స్నేహితుల గదిలో గడిపి, ఆపై వేరే ఇంటికి మారే మన విద్యార్థులు ఎక్కువగా మరచేది దీనినే.

సోషల్ సెక్యూరిటీ నంబరు విద్యార్థులందరికీ ఇచ్చేది కాదు. క్యాంపస్‌లో గాని, అనుమతి పొందిన మరొక చోట గాని పని లభించిన వారికే ఇస్తారు. దేశంలో ప్రవేశించిన 10 రోజుల తరువాత దరఖాస్తు చేయవలసిందిగా అక్కడి అధికారులు సూచిస్తారు. ప్రవేశ వివరాలు కంప్యూటర్ వ్యవస్థలలో చేరకముందే వెళ్లినవారు తిరిగి రావలసి వస్తుంది. కావున దిగిన వెంటనే ఐ-94 ప్రతిని తీసుకొని, పేరు, పుట్టిన తేదీ, వీసా తరగతి పాస్‌పోర్టుతో సరిపోయినదీ లేనిదీ చూసుకోవడం తొలి పనిగా ఉండాలి.

గల్ఫ్ దేశాలు

కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుండి గల్ఫ్ వెళ్లే కార్మికులకు పేరు సమస్య మరింత కఠినంగా ఎదురైనది. పాస్‌పోర్టులో ఒకే పేరున్న సందర్శక వీసాదారులను అనుమతించబోమని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2022 నవంబరు 21 నుండి అమలు చేసింది. తండ్రి పేరో, కుటుంబం పేరో పాస్‌పోర్టులో ఉంటే చాలునని ఆపై వివరణ వెలువడింది. టిక్కెట్టుకై అప్పు చేసిన కార్మికునికి ఒక ఖాళీ గడి ఖరీదు ఎంతో వేరుగా చెప్పనవసరం లేదు.

సౌదీ అరేబియాలో నివాస కార్డు అయిన ఇఖామాను చేరిన 90 రోజులలోగా సమకూర్చవలసిన బాధ్యత యజమానిది. కార్మికుని పాస్‌పోర్టును యజమాని తన వద్ద ఉంచుకొనుట అక్కడి నిబంధనలకు విరుద్ధం. పదో తరగతి ఉత్తీర్ణులు కాని వారు 18 దేశాలకు ఉద్యోగానికై వెళ్లుటకు 1983 వలసల చట్టం క్రింద అనుమతి పొందవలసి ఉంటుంది. సందర్శక వీసాపై వెళ్లి అక్కడ పనిలో చేరేవారు ఈ రక్షణకు వెలుపల మిగిలిపోతారు.

విద్యార్హత పత్రాల ధ్రువీకరణ విధానం దేశాన్ని బట్టి మారుతుంది. అపొస్టిల్ ఒప్పందం భారతదేశంలో 2005 జులై 14 నుండి, సౌదీ అరేబియాలో 2022 డిసెంబరు నుండి అమలులో ఉంది. ఒప్పందంలో చేరని ఎమిరేట్స్, కువైట్‌లకు ఆయా దేశాల రాయబార కార్యాలయ ముద్ర కూడ అవసరం. విదేశాంగ శాఖ అపొస్టిల్ రుసుము ఒక్కో పత్రానికి 50 రూపాయలు మాత్రమే. మధ్యవర్తులు వేలల్లో కోరినప్పుడు ఈ అంకె గుర్తుంచుకొనదగినది.

పాస్‌పోర్టులో పేరు సవరణకు పునర్జారీ దరఖాస్తు చేయాలి. విశ్వవిద్యాలయ ప్రవేశానికి, వీసాకు ముందే ఇది పూర్తి కావడం మేలు. తరువాత సవరిస్తే పై పత్రాలన్నీ ఒక్కొక్కటిగా మార్పించుకోవలసి వస్తుంది. అమీర్‌పేట ఆదిత్య ట్రేడ్ సెంటర్‌లో పనిచేసిన పాస్‌పోర్టు సేవా కేంద్రం 2025లో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ మెట్రో ప్రాంగణానికి మారినది. వివరాలకు పాస్‌పోర్టు సేవ ఉచిత టెలిఫోన్ నంబరు 1800-258-1800.