మూడు నియమాలు, ఒక మేర: ఒంగోలు తొలి మాదిగ క్రైస్తవుల విశ్వాస నిష్ఠ (1866–1878)

కీలక పదాలు: అమెరికన్ బాప్టిస్టు మిషన్, ఒంగోలు, మాదిగలు, క్లవ్, గ్రామ కట్టుబాటు.

ఉపోద్ఘాతం

ఒంగోలు ప్రాంతపు క్రైస్తవ చరిత్రను సామూహిక మతాంతరీకరణగా, సంఖ్యల దృష్టితో చదవడమే ఎక్కువ. బాప్తిస్మం తర్వాత ఊరిలో ఎలా బతకాలన్న ప్రశ్న ఆ సంఖ్యల వెనుక మరుగున పడింది. తీసుకున్న విశ్వాసాన్ని సడలించుకొమ్మని తొలి విశ్వాసులపై వచ్చిన ఒత్తిడి స్వరూపాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పేరయ్య, మూడు నియమాలు

యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసిన మాదిగ. క్రైస్తవానికి ముందు రాజయోగ సాధనలో ఉన్నవాడు. 1866లో ఒంగోలులో మిషనరీ జూయెట్ చేత బాప్తిస్మం పొందాడు. అదే సంవత్సరం జాన్ ఎవరెట్ క్లవ్ ఒంగోలులో స్థిరపడ్డాడు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. ఆ నెలలోనే పేరయ్య గ్రామమైన తలకొండపాడులో 28 మంది బాప్తిస్మం పొందారు.

కొత్త విశ్వాసులకు విధించిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహారాధన చేయరాదు. ఇవి కేవలం మతపరమైన విధులుగా కనిపిస్తాయి. కాని ఒక్కొక్క నియమం గ్రామవ్యవస్థలోని ఒక్కొక్క ముడిని తాకింది. మాదిగ కుటుంబం రైతుకు చెప్పులు, కపిల బానలు సమకూర్చేది, పొలం పనికి వచ్చేది, జాతరలో డప్పు కొట్టేది. ప్రతిఫలంగా కళ్లంలో మేర, చచ్చిన పశువు దక్కేవి. కోతల కాలంలో ఆదివారం పనికి రాననడం రైతుకు ధిక్కారంగా తోచింది. గ్రామదేవత ముందు డప్పు కొట్టననడం ఊరికే అరిష్టంగా తోచింది. పశుమాంసం మానడమంటే కరవు రోజుల ఆహారాన్ని వదులుకోవడమే.

పర్యవసానంగా కొన్ని గ్రామాలలో నీళ్లు అందకుండా చేశారు. దుకాణాలలో సరుకులు ఇవ్వలేదు. తప్పుడు నేరారోపణలూ వచ్చాయి. ఇక్కడ ప్రలోభం ధనరూపంలో రాలేదు. ఒక్క జాతరకు డప్పు పట్టుకుంటే చాలు, పాత బతుకు తిరిగి దక్కుతుంది. రాజీ అంత సులభంగా అందుబాటులో ఉండటమే దాని బలం.

మిషన్ ఎదుర్కొన్న ప్రలోభం

ఈ పరీక్ష విశ్వాసులకే పరిమితం కాలేదు. ఒంగోలు బ్రాహ్మణ కుటుంబాలు మొదట తమ పిల్లలను మిషన్ బడికి పంపాయి. మాదిగలను చేర్చుకుంటే తాము రామని ఆ తర్వాత తేల్చిచెప్పాయి. అగ్రవర్ణాలు ముందు వస్తే తక్కినవారు అనుసరిస్తారన్న ఆశ మిషనరీలకు ఉండేది. క్లవ్ దంపతులు వేర్వేరు గదులలో బైబిలు తెరవగా, ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమే కనిపించిందని మిషన్ కథనం. దేవుడు లోకంలో నీచులైనవారిని ఏర్పరచుకున్నాడన్నది ఆ భాగం సారం. అగ్రవర్ణ విద్యార్థులు వెళ్లిపోయారు, మాదిగలు నిలిచారు.

1876–78 కరవులో సమస్య తలకిందులైంది. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే గుత్తను క్లవ్ తీసుకొని వేలమందికి పని కల్పించాడు. అన్నం కోసం మతం మారారన్న నింద రాకుండా, కరవు సహాయం సాగినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపివేశాడు. సహాయం ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ముగింపు

ఈ వివరాలకు ప్రధాన ఆధారం మిషన్ రచనలే కనుక వాటిలోని విజయస్వరాన్ని జాగ్రత్తగా చదవాలి. అయినా ఒక విషయం స్పష్టం. ఆ నియమాలు చెప్పులు కుట్టే వృత్తిని నిషేధించలేదు, ఊరిని విడిచిపొమ్మనలేదు. విశ్వాసి అదే ఊరిలో, అదే రైతు ఎదుట, కొన్ని పనులకు మాత్రం కాదనవలసి వచ్చింది. తరతరాలుగా కాదనే హక్కు లేనివారికి ఆ నిరాకరణే తొలి ఆత్మగౌరవ ప్రకటన అయింది. 2,222 అన్న సంఖ్యకు ముందు పదేళ్లకు పైగా, ఆదివారం తర్వాత ఆదివారం సాగిన ఆ నిరాకరణలను లెక్కలోకి తీసుకోకపోతే ఒంగోలు చరిత్ర అసంపూర్ణమే.