పందుంపుల్ల పక్కన పెట్టిన రోజులు

పంటికి చిన్న దెబ్బ తగిలి చిగురు నొప్పి పుడితే, కోనసీమ పల్లెల్లో ముందుగా పక్కన పెట్టేది పందుంపుల్లనే. వశిష్ఠ గోదావరి ఎడమ గట్టున, నరసాపురానికి ఎదురుగా ఉన్న సఖినేటిపల్లి వంటి ఊళ్లో ఇలాంటి దెబ్బలు రోజువారీ బతుకులో భాగం. పడవ గడ ఎదురుతంతుంది, చెడుగుడులో మోచెయ్యి మూతికి తగులుతుంది, రేవు మెట్ల మీద పిల్లలు బోర్లా పడతారు, కొబ్బరికాయ పీచును పళ్లతో పట్టి లాగేవాళ్లూ ఉంటారు. పన్ను విరగదు, ఊడదు. చన్నీళ్లు తగిలితే మాత్రం జివ్వుమంటుంది, ముద్ద కొరికితే కలుక్కుమంటుంది.

మామూలు రోజుల్లో పందుంపుల్ల తయారీ తెల్లవారుజామున చేసే మొదటి పని. చిటికెన వేలంత లావు వేపపుల్లను జానెడు పొడవున విరిచి, ఆకులు దూసి, ఒక కొసను దవడ పళ్లతో మెల్లగా నలుపుతారు. చేదు ఊరి, నార విచ్చుకుని కుంచెలా అయ్యాక తోమడం మొదలవుతుంది. తోమడం ముగిశాక అదే పుల్లను నిలువునా చీల్చి, వంచి, నాలుక గీసుకుని పారేస్తారు. వేప దొరకనప్పుడు కానుగ, మర్రి ఊడ, ఉత్తరేణి వేరు అక్కరకు వచ్చేవి. తాటాకు ఈనెతో నాలుక గీసుకోవడమూ ఉండేది. వాచిన చిగురుకు ఈ కుంచె గుచ్చుకుంటుంది. అందుకే దెబ్బ తగిలిన వాళ్లు పుల్ల మాని, మెత్తటి ఉప్పులో నాలుగు చుక్కల నువ్వుల నూనె కలిపి వేలితో రుద్దుకునేవారు.

ఈ జాగ్రత్త చాలా పాతది. సుశ్రుత సంహిత నిదానస్థానం పదహారో అధ్యాయంలో నోటి రోగాలు 65 ఉన్నాయి. వాటిలో చిగుళ్లకు సంబంధించినవి 15, పళ్లవి 8. చిగుళ్లు ఒరిపిడికి గురై బాగా వాచి పళ్లు కదిలిపోయే స్థితిని ఆ గ్రంథం వైదర్భం అంటుంది, అది దెబ్బ వల్ల పుట్టేదని స్పష్టంగా చెబుతుంది. చలవ, స్పర్శ ఓర్వలేని పళ్ల బాధకు దంతహర్షమని పేరు. చికిత్సాస్థానంలో వైదర్భానికి చిగుళ్లను శుభ్రం చేసి, క్షారం పూసి, ఆపైన చల్లబరిచే ఉపచారాలు చేయమని ఉంది. దంతరోగి పుల్లటి పండ్లు, చన్నీళ్లు, పొడి అన్నం, గట్టి తిండితో పాటు దంతధావనం కూడా మానాలని అక్కడే ఉంది. సంస్కృతం తెలియని ఇళ్లలోనూ ఇదే నియమం నిలవడానికి కారణం అనుభవమే అనుకోవచ్చు. పుల్ల గుచ్చుకున్న నొప్పి కంటే పెద్ద గురువు అక్కర్లేదు.

ఇంటి మందుల్లో మొదటిది ఉప్పు వేసిన గోరువెచ్చటి నీళ్లు పుక్కిలించడం. పటిక నీళ్లు, జామాకు నమలడం, పసుపు అద్దడం దాని తర్వాతివి. లవంగం కథ మాత్రం సముద్రం దాటి వచ్చినది. 17వ శతాబ్దంలో ఎదుటి గట్టున నరసాపురం దగ్గరి మాధవాయిపాలెంలో ఇంగ్లీషువారి వర్తక స్థావరం ఉండేది. ఆ పేరుతోనే ఇక్కడి బట్ట మాడపోలం అయి యూరప్ దాకా వెళ్లింది. పాలకొల్లులో డచ్చివారు ఉండేవారు. కోరమాండల్ బట్టలను తూర్పు దీవులకు తీసుకెళ్లి, వాటికి బదులు లవంగం, జాజికాయ కొనడం డచ్చివారి వర్తకానికి ఆయువుపట్టు. లవంగ నూనెలోని యూజెనాల్ నరాన్ని కాసేపు మొద్దుబారుస్తుంది. నూనెను నేరుగా పోస్తే చిగురు కాలుతుంది కాబట్టి దూదికి ఒక చుక్క అద్ది పంటి మీద నొక్కి పట్టేవారు.

మేలు చేయని అలవాట్లూ ఉన్నాయి. పిడక కాల్చిన కచ్చిక, బొగ్గు, ఇటుక పొడి పళ్లను తెల్లగా తోముతూనే పైపొర ఎనామెల్‌ను అరగదీసేవి. ఆ పొర పలచబడితే లోపలి డెంటిన్‌లోని సన్నని గొట్టాల్లో ఉన్న ద్రవం చలువకు కదిలి నరాన్ని తాకుతుంది. జివ్వుమనడానికి అసలు కారణం ఆ కదలికేనని స్వీడన్ దంతవైద్యుడు బ్రాన్‌స్ట్రోమ్ 1960లలో నిరూపించాడు. నంజనగూడు, గోపాల్ పళ్లపొడులు పల్లె అంగళ్లకు చేరాక కచ్చిక క్రమంగా వెనకబడింది.

వాపు తగ్గకపోతే దిక్కు ఎవరు? పాతకాలంలో చిన్న కోతలు కోసే మంగలి, పట్టకారుతో పన్ను పీకే సంచారులు, నాటువైద్యుడు. పంటిని నిలబెట్టే విద్య వారి దగ్గర లేదు, కాబట్టి బాధపెట్టే పన్ను పోవాల్సిందే. దేశంలో తొలి దంతవైద్య కళాశాలను డాక్టర్ ఆర్. అహ్మద్ 1920లో కలకత్తాలో నెలకొల్పాడు. దంతవైద్యుల చట్టం 1948లో వచ్చింది. తెలుగు నేలన హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో మొదలైంది. సఖినేటిపల్లి వారికి ఇవన్నీ దూరాలే. నరసాపురం కళ్లెదుటే కనిపిస్తున్నా మధ్యలో వశిష్ఠ ఉంది. పంటు అనే రేవు పడవ మీద దాటాలి, వరద వస్తే అదీ ఆగుతుంది. ప్రాణం మీదికి రాని పంటి నొప్పి కోసం రేవు దాటేవారు తక్కువ, ఆ ఆలస్యం ఎన్నో పళ్లను పోగొట్టింది. వశిష్ఠ మీద చించినాడ వంతెన వచ్చాక, భీమవరం దంతవైద్య కళాశాల వంటివి వెలిశాక దారి కొంత సులువైంది.

దెబ్బ తగిలిన పన్ను కదలకుండా నొప్పి మాత్రమే ఉంటే వేరును ఎముకకు పట్టి ఉంచే నార కమిలిందని నేటి వైద్యం చెబుతుంది. పైనుంచి చల్లటి గుడ్డ, వారం పది రోజులు మెత్తటి తిండి, మెత్తని బ్రష్, ఉప్పునీళ్లు: పాత నియమాలకు ఇది దగ్గరే. పాతవారికి అందనిది ఒకటుంది. నొప్పి తగ్గాక కూడా లోపలి నరం మెల్లగా చనిపోవచ్చు. వారాలకో నెలలకో పన్ను బూడిద రంగుకు మారినా, చిగురు మీద చీముపొక్కు లేచినా, కదలడం మొదలైనా ఎక్స్‌రే తీయించాలి.

పెద్దవాళ్ల పన్నో, పిల్లలకు వచ్చిన శాశ్వత దంతమో పూర్తిగా ఊడితే వేరును ముట్టుకోకుండా పాలల్లో వేసి గంటలోపు వైద్యుడి దగ్గరికి చేర్చాలి. పాలపన్నును మాత్రం తిరిగి పెట్టరు. కోనసీమకు దగ్గరి సంగతి ఒకటి: 2008లో చెన్నై పరిశోధకులు ఊడిన పన్ను కణాలను కాపాడటంలో కొబ్బరినీళ్లు పాల కంటే మేలని ప్రకటించారు. కొబ్బరినీళ్లకు ఆమ్లగుణం ఉండటంతో తర్వాతి పరీక్షలు దాన్ని బలపరచలేదు. పాలకే మొగ్గు నిలిచింది.