పొరుగువారి గ్రంథం చదివిన పండితుడు



చదువు అనగానే మనకు పరీక్ష గుర్తుకు వస్తుంది. పరీక్ష అనగానే ఉద్యోగం గుర్తుకు వస్తుంది. అది తప్పు కాదు. ఇల్లు గడవాలి గదా! కాని ఉద్యోగానికి పనికిరాని చదువు కూడా ఒకటి వున్నది. అది మనిషి మనిషిగా బ్రతకడానికి, పక్కింటివాడితో కలిసి బ్రతకడానికి పనికివస్తుంది. ఈసారి దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకొందాం.

ఆ మధ్య మాలో కొందరం రైల్లో ప్రయాణం చేస్తున్నాం. ఎదుట కూర్చున్న పెద్దమనిషి మంచివాడే. తెచ్చుకొన్న పులిహోర మా పిల్లలకు పెట్టినవాడే. మాటల మధ్య మన మతాన్ని గురించి ఒక మాట అనేశాడు. శుద్ధ అబద్ధం. “అయ్యా, ఇది ఎక్కడ చదివారు?” అని అడిగాము. “చదవడమెందుకండీ, అందరూ అనుకొంటుంటే విన్నాను” అన్నాడు. మాకు కోపం వచ్చింది. వాదన పెరిగింది. చివరకు ఆయన, “సరే, మా భగవద్గీతలో ఏమున్నదో మీరు చెప్పండి చూద్దాం” అన్నాడు. మాలో ఒక్కరికీ నోరు పెగల్లేదు. మేమూ విన్నవాళ్లమే గాని చదివినవాళ్లం కాము. తరువాతి స్టేషను వచ్చేదాకా ఆయన ఒక కిటికీలోంచి, మేము మరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాం.

ఇంటికి వచ్చిన తరువాత మాకు గుర్తుకు వచ్చిన పేరు అబూ రైహాన్ అల్ బీరూనీ. వెయ్యేళ్ల క్రిందట ఆయనకూ ఇటువంటి సందర్భమే వచ్చింది. అయితే ఆయన కిటికీలోంచి బయటికి చూడలేదు. పుస్తకం తెరిచినాడు.

బీరూనీ 973లో ఖ్వారిజ్మ్ దేశంలో పుట్టినాడు. అది ఇప్పటి ఉజ్బెకిస్తాన్ ప్రాంతం. గణితం, ఖగోళం, భూగోళం, వైద్యం, చరిత్ర - ఆయన చెయ్యి పెట్టని శాస్త్రం అరుదు. 1017లో గజనీ సుల్తాను మహమూద్ ఖ్వారిజ్మ్‌ను జయించి, అక్కడి పండితులతో పాటు బీరూనీని కూడా గజనీకి పట్టుకుపోయినాడు. అంటే ఆయన తనంతట తాను వచ్చిన అతిథి కాడు. ఓడిపోయిన దేశంనుంచి తరలించబడ్డ మనిషి. ఆ విధంగా ఆయనకు హిందూదేశంతో పరిచయం కలిగింది. పంజాబు ప్రాంతాలలో తిరిగినాడు. నందనా కోట దగ్గర కొండ ఎత్తును, అక్కడినుంచి దిగంతం ఎంత వాలుగా కనిపిస్తుందో ఆ కోణాన్ని కొలిచి, ఆ లెక్కతో భూమి వ్యాసార్ధాన్ని కట్టిన ఘనుడు ఆయనే.

ఆ రోజులెటువంటివో మనకు తెలుసు. మహమూద్ దండయాత్రలు సాగుతున్న రోజులవి. 1025-26లో సోమనాథ్ మీద జరిగిన దాడిని ఈ దేశం నేటికీ మరచిపోలేదు. అటువంటి సమయంలో, ఆ సుల్తాను ఆస్థానంలోనే వున్న ఒక ముస్లిం పండితుడు కూర్చుని సంస్కృతం నేర్చుకొన్నాడు. వయస్సు నలభై దాటింది. సంస్కృతం అంత తేలికగా లొంగే భాష కాదని, ఒక్కొక్క వస్తువుకు ఎన్నో పేర్లు వున్నాయని, వ్రాతప్రతులలో తప్పులు దొర్లుతున్నాయని ఆయనే వ్రాసుకొన్నాడు. అయినా వదలలేదు. సంస్కృత గ్రంథాలు ఎక్కడ దొరుకుతాయని తెలిస్తే అక్కడినుంచి, శ్రమకు గాని డబ్బుకు గాని వెనుకాడకుండా తెప్పించుకొన్నాడు. పండితులను పిలిపించి పాఠం చెప్పించుకొన్నాడు. మొదట వారి ముందు శిష్యుడిలాగ కూర్చున్నాననీ, తరువాత తాను లెక్కలు విడమరచి చెబుతుంటే వారు ఆశ్చర్యపోయి తనను సముద్రంతో పోల్చారనీ ఆయన చెప్పుకొన్నాడు. సాంఖ్యాన్ని, పతంజలి యోగాన్ని అరబ్బీలోకి తెచ్చినాడు. యూక్లిడ్ రేఖాగణితాన్ని హిందూ పండితుల కోసం సంస్కృతంలోకి దింపే పనికి పూనుకొన్నాడు. తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా తెలిసినవాడన్నమాట.

ఈ శ్రమకంతటికీ ఫలితం 1030లో పూర్తి అయిన “కితాబుల్ హింద్”. మొత్తం 80 అధ్యాయాలు. దేవుణ్ణి గురించిన భావన, పునర్జన్మ, వేదాలు, పురాణాలు, తూనికలు, కొలతలు, నదులు, చదరంగం, గ్రహాలు, పండుగలు, తీర్థాలు, పెండ్లిండ్లు, న్యాయం - ఒక జాతి జీవితంలో ఏమేమి వుంటాయో అన్నీ అందులో వున్నాయి. గీతను ఆయన అనేక చోట్ల ఉదహరించినాడు.

అసలు ఈ పుస్తకం ఎందుకు వ్రాసినాడు? ఆ సంగతి ముందుమాటలోనే వున్నది. ఒకసారి అబూ సహల్ అనే పెద్దాయనతో మాట్లాడుతుండగా ఇతర మతాలను గురించి ముస్లిములు వ్రాసిన పుస్తకాల ప్రస్తావన వచ్చింది. హిందువులను గురించి వ్రాసినవి చాలావరకు ఒకడు చెప్పినది మరొకడు ఎత్తి వ్రాసినవేననీ, ఎవరూ నిజానిజాలు తేల్చలేదనీ ఇద్దరికీ అనిపించింది. అయితే నీకు తెలిసినది నీవే వ్రాయి, వారితో వాదించేవారికీ పనికివస్తుంది, వారితో కలిసిమెలిసి వుండదలచినవారికీ పనికివస్తుంది అని ఆ పెద్దాయన ప్రోత్సహించినాడు. చూడండి, తన వాళ్లు ఎదుటివారిని గురించి తప్పు వ్రాస్తున్నారన్న బాధలోనుంచి పుట్టిన పుస్తకం ఇది. మనల్ని గురించి ఎవరైనా తప్పు వ్రాస్తే మనం ఉలిక్కిపడతాం. మనవాళ్లు ఇతరులను గురించి తప్పు చెబితే మాత్రం, ఏముందిలే అని ఊరుకొంటాం. బీరూనీ ఊరుకోలేదు.

అదే ముందుమాటలో అబద్ధాలు ఎన్ని రకాలో కూడా ఆయన విడదీసి చెప్పినాడు. లాభం కోసం చెప్పేవాడు ఒకడు, తన వాళ్ల మీది అభిమానంతో చెప్పేవాడు ఒకడు, పగతో చెప్పేవాడు ఒకడు, పిరికితనంతో చెప్పేవాడు ఒకడు. చివరకు అజ్ఞానంతో చెప్పేవాడు. అంటే తనకేమీ తెలియక, ఎవరో చెప్పినదాన్ని గుడ్డిగా మరొకరికి అందించేవాడు. ఈ చివరి రకాన్ని చదువుతుంటే మన చేతుల్లోని సెల్‌ఫోను గుర్తుకు రాక మానదు. పొద్దున్నే వచ్చిన సందేశాన్ని ముందూ వెనకా చూడకుండా పదిమందికి పంపిస్తున్నాము. మనలో పగ లేకపోవచ్చు. పగబట్టినవాడు వండిన వంటను ఇంటింటికీ మోసే పని మాత్రం మనం చేసిపెడుతున్నాము.

బీరూనీ పద్ధతి సులువైనది. ముందు ఎదుటివారి మాటను వారి మాటగానే చెప్పాలి, మనకు నచ్చినా నచ్చకపోయినా. తరువాత మన అభిప్రాయం వేరుగా చెప్పుకోవచ్చు. ఆయన తన మతాన్ని వదలుకోలేదు. హిందూ పండితుల గర్వాన్ని విమర్శించినాడు; తమ దేశంవంటి దేశం లేదనుకొంటారని ఎత్తిపొడిచినాడు. ఆ వెంటనే, వారి పూర్వులు ఇంత ఇరుకు బుద్ధి కలవారు కారనీ, వరాహమిహిరుడు యవన పండితులను గౌరవించాలని చెప్పినాడనీ గుర్తుచేసినాడు. విగ్రహారాధనను గురించి వ్రాస్తూ, చదువుకొన్నవారి నమ్మకం వేరు, పామరుల నమ్మకం వేరు, ఈ తేడా అన్ని జాతులలోనూ వున్నదని చెప్పినాడు. మహమూద్ దాడులవల్ల ఆ ప్రాంతాలు నాశనమైనాయనీ, అందువల్లనే హిందువులకు ముస్లిముల మీద తీరని ద్వేషం ఏర్పడిందనీ దాచకుండా వ్రాసినాడు. గజనీలో కూర్చుని ఈ మాట వ్రాయడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి! తన వాళ్ల తప్పును ఒప్పుకొన్నాడు కనుకనే ఆయన చెప్పిన మిగిలిన మాటలను లోకం నమ్మింది.

ఇక్కడ మన హైదరాబాదు ప్రస్తావన వస్తుంది. 1888లో హైదరాబాదులో దాయిరతుల్ మఆరిఫ్ అనే సంస్థను స్థాపించారు. మరుగున పడివున్న అరబ్బీ వ్రాతప్రతులను వెదకి, సరిచూచి, అచ్చువేయడం దాని పని. బీరూనీ ఖగోళ గ్రంథం “అల్ ఖానూనుల్ మసూదీ”ని 1954-56 మధ్య మూడు సంపుటాలుగా ప్రచురించినది ఈ సంస్థే. “కితాబుల్ హింద్” అరబ్బీ మూలాన్ని జర్మన్ పండితుడు సఖౌ 1887లో లండన్‌లో అచ్చువేయించినాడు. అదే గ్రంథాన్ని 1958లో దాయిరతుల్ మఆరిఫ్ మన హైదరాబాదులో ప్రచురించింది.

ఆ సంవత్సరాన్ని ఒకసారి లెక్క వేయండి. 1948 గడిచి పదేళ్లు. రజాకార్ల ఆగడాలను, పోలీసు చర్య తరువాత అమాయక ముస్లిముల మీద జరిగిన హత్యాకాండను, రెండింటినీ చూసిన రాజ్యం హైదరాబాదు. ఇండ్లలో పెద్దలు ఆ రోజులను గురించి గొంతు తగ్గించి మాట్లాడుకొనేవారు. అటువంటి కాలంలో ఆ నగరంలోని పండితులు కొందరు దీపాల ముందు కూర్చుని, హిందువుల విజ్ఞానాన్ని గురించి ఒక ముస్లిం వ్రాసిన పుస్తకాన్ని అక్షరం అక్షరం సరిచూచి అచ్చుకు పంపినారు. ఎవరూ చప్పట్లు కొట్టి వుండరు. అయినా అది పెద్ద పనే.

బీరూనీ తరువాత ఈ దారిలో నడిచిన మరొకరు దారా షికోహ్. కాశీ పండితులను పిలిపించి 50 ఉపనిషత్తులను 1657లో పారశీకంలోకి తెచ్చినాడు. రెండేళ్లకే, 1659లో, సింహాసనం కోసం జరిగిన తగవులో ప్రాణం పోగొట్టుకొన్నాడు. ఆయన పోయినా పుస్తకం పోలేదు. దాన్ని ఆంక్వెతిల్ దుపెరాన్ అనే ఫ్రెంచి పండితుడు లాటిన్‌లోకి మార్చి 1801-02లో ప్రచురించగా, యూరపులో ఎందరో ఉపనిషత్తుల పేరు మొదట అందులోనే విన్నారు.

మన తెలుగునాట కూడా ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు తక్కువ కాదు. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు ‘మల్కిభరాము’ అని పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధర కవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమిచ్చినాడు. పొన్నికంటి తెలగన్న వ్రాసిన అచ్చతెలుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ అమీన్ ఖాన్‌కు అంకితం. పిఠాపురం ఉమర్ అలీషా గారు తెలుగు పద్యానికి పేరెన్నిక గన్నవారు; ఖయ్యాం రుబాయీలను తెలుగు చేసినారు. అటునుంచి చిలుకూరి నారాయణరావు గారు ఖురాన్‌ను తెలుగులోకి అనువదించినారు. ‘రాయలసీమ’ అన్న పేరును 1928లో నంద్యాల సభలో ప్రతిపాదించిన చరిత్రకారుడు ఆయనే. ఒక హిందూ పండితుడు చేసిన ఆ అనువాదం వున్నదని మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

అజ్ఞానానికి పుస్తకంతో జవాబు చెప్పిన మరొక సంగతి కూడా చెప్పాలి. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒకరు తేలికగా వ్రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి గారు తిట్టి ఊరుకోలేదు. ఊరూరికీ కబురంపి, 354 మంది కవుల పద్యాలను సేకరించి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ ప్రచురించినారు. అంతటితో ఆ మాట అన్నవారి నోరు మూతబడింది. మనల్ని గురించి తప్పుగా అన్నవారికి ఇవ్వవలసిన జవాబు ఇటువంటిది.

పుస్తకం మంత్రం కాదని మాకూ తెలుసు. బీరూనీ సంస్కృతం చదివినంత మాత్రాన మహమూద్ దాడులు ఆగలేదు. తెలుగు కవులను ఆదరించిన ఇబ్రహీమే 1565లో విజయనగరం మీదికి పోయిన సుల్తానులలో ఒకడు. ద్వేషం నూరిపోసే పుస్తకాలు కూడా బజారులో దొరుకుతాయి. అందుకే ఒక్క పుస్తకం చదివి ఆగకూడదు. ఒక పక్షం పుస్తకాలే చదవకూడదు. ద్వేషించేవారికి పుస్తకమంటే ఎంత భయమో కూడా లోకం చూసింది. 1981లో జాఫ్నా గ్రంథాలయాన్ని, 1992లో సరయేవో గ్రంథాలయాన్ని తగలబెట్టినారు. పుస్తకానికి బలమే లేకపోతే నిప్పు పెట్టవలసిన పని ఏమున్నది?

మన దీన్‌లో మొట్టమొదట వచ్చిన ఆజ్ఞ చదవమనే గదా! కనుక సభ్యులకు మాదొక చిన్న మనవి. ప్రతి ఇంట్లోనూ ఈ సంవత్సరం పొరుగువారి మతాన్ని గురించి, వారిలో పెద్దలు వ్రాసిన పుస్తకం ఒక్కటి చదవండి. మన మతాన్ని గురించి తెలుగులో వున్న మంచి పుస్తకం ఒక్కటి పొరుగువారికి చదవడానికి ఇవ్వండి. కొనలేనివారికి ఊళ్లో గ్రంథాలయం వున్నది. మగపిల్లలతో పాటు ఆడపిల్లలను కూడా అక్కడికి పంపండి. ఏదైనా సందేశం ఫోనులో వస్తే, పంపేముందు ‘ఇది ఎక్కడ చదివారు?’ అని ఒక్కసారి అడగండి.

రైల్లో కలిసిన ఆ పెద్దమనిషి చిరునామా మేము తీసుకోలేదు. తీసుకొనివుంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. గీతను తెలుగు తాత్పర్యంతో మేము చదవడం మొదలుపెట్టి కొన్ని నెలలైంది. మళ్లీ ఎప్పుడైనా ఎదురుపడితే, ఈసారి ఆయన ప్రశ్నకు నాలుగు మాటలైనా జవాబు చెప్పగలం. ఆ తరువాత మన ప్రశ్న మనమూ అడగవచ్చు. అప్పుడిక ఎవరూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చోనక్కరలేదు.