గద్దె లేని రాకుమారుడు: 1936 నాటి క్రికెట్టు దళం

కొత్త క్రీడాకాలం ఆరంభం కాకముందే జట్టు బలాబలాలను తూచి చూడటంలో ఒక రుచి ఉంది. బాస్కెట్‌బాలులో ఫార్వర్డులు, కబడ్డీలో కూతకు వెళ్ళేవారు, క్రికెట్టులో బౌలర్లు. పేర్లు వేరైనా, ఎదుటి పక్షంపైకి ముందుగా విరుచుకుపడేది వీరే గనుక ఎవరి చూపైనా మొదట వీరిమీదే పడుతుంది. నేనిక్కడ తూచబోయే దళం మాత్రం చాలా పాతది. 1936 వేసవిలో ఇంగ్లండుకు ఓడ ఎక్కిన భారత క్రికెట్టు జట్టు అది. దానికి నాయకుడు మన విజయనగరం పూసపాటివారి బిడ్డ విజయానంద గజపతిరాజు. లోకానికి ఆయన 'విజ్జీ'.

విజ్జీ పేరెత్తగానే క్రికెట్టు చరిత్రకారులు నవ్వుతారు. మన ఉత్తరాంధ్రవారు గర్వపడతారు, లేదా మాట మారుస్తారు. ఆ వేసవిలో ఏం జరిగిందో తేల్చుకోవాలంటే ముందు ఆ జట్టులో ఏముందో చూడాలి. అందుకు ఫలితాలన్నీ కాసేపు మరచిపోయి, ఓడ ఇంకా బొంబాయి రేవులోనే ఉందనుకుని, పేర్ల జాబితా చేతికి తీసుకుందాం.

మొదటి పేరు మహమ్మద్ నిస్సార్. భారీ కాయం, సూటియైన వేగం. 1932లో లార్డ్స్ మైదానంలో మన మొట్టమొదటి టెస్టు మొదలైన కాసేపటికే ఇంగ్లండు 19 పరుగులకు 3 వికెట్లు పోగొట్టుకున్నదంటే ఆ గండికి ఆద్యుడు ఇతడే. పేరుమోసిన హోమ్స్, సట్‌క్లిఫ్ ఇద్దరి వికెట్లనూ ఎగరగొట్టాడు. ఆ ఇన్నింగ్సులో అతనికి అయిదు వికెట్లు దక్కాయి. రెండవ పేరు అమర్ సింగ్. నిస్సార్‌ది వేగమైతే ఇతనిది విద్య. బంతి నేలను తాకిన తరువాత ఎటు తిరుగుతుందో, ఎంత పైకి లేస్తుందో బ్యాటు పట్టినవానికి అంతుపట్టేది కాదు. అయితే ఒక చిక్కుంది. అప్పటికే అతడు లాంకషైరు లీగులో కోల్న్ క్లబ్బుకు జీతం మీద ఆడుతున్నాడు. కనుక జట్టుకు దొరికేది కొన్ని ఆటలకే. మన దళంలో నిజమైన ప్రొఫెషనల్ అతనే అనవచ్చు. వేతనం తీసుకునేవాడు అరువు మనిషిలా వచ్చిపోవడం, వేతనాలు పంచగల జమీందారు నాయకుడై నిలవడం ఆ కాలపు చిత్రం.

మూడవవాడు లాలా అమరనాథ్. 1933 డిసెంబరులో బొంబాయి జింఖానాలో 118 పరుగులు చేసి, భారతదేశం తరఫున టెస్టు శతకం సాధించిన తొలి ఆటగాడయ్యాడు. బంతి పట్టినా అంతే నేర్పరి. వీరి వెనుక కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న జహంగీర్ ఖాన్. ఆ సంవత్సరమే లార్డ్సులో ఇతడు వేసిన బంతి తగిలి ఒక పిచ్చుక చనిపోయింది. దానిని కూరి అక్కడి ప్రదర్శనశాలలో భద్రపరచారు. మనవారు ఆ వేసవిలో మిగిల్చిన జ్ఞాపకాలలో ఎవరికీ బాధ కలిగించనిది, పాపం ఆ పిచ్చుకకు తప్ప, ఇదొక్కటే.

ఇక సి.కె. నాయుడు. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో 1895లో పుట్టాడు. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేసి దేశాన్ని ఊపినవాడు. 1932 జట్టుకు మైదానంలో నాయకత్వం వహించి, ఆ పర్యటనలో 1,600కు పైగా పరుగులు, 65 వికెట్లు సంపాదించాడు. 1936 నాటికి నలభై దాటినా జట్టులో అతనంత అనుభవం మరెవరికీ లేదు.

బ్యాటింగు సంగతి క్లుప్తంగా చాలు. విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ, వజీర్ అలీ, ఎల్.పి. జై. వీరితో పాటు మద్రాసునుండి కోటా రామస్వామి. మద్రాసు క్రికెట్టుకు పితామహుడనిపించుకున్న బుచ్చిబాబు నాయుడుగారి కుమారుడు, 1922లో డేవిస్ కప్పు టెన్నిసు ఆడినవాడు, వయసు నలభై. అదే మద్రాసునుండి వచ్చిన ఎం.జె. గోపాలన్ కథ వేరు. ఆ ఏటి బెర్లిన్ ఒలింపిక్సుకు హాకీ జట్టుతో వెళ్ళగలిగినవాడు, క్రికెట్టునే ఎంచుకున్నాడు. ధ్యాన్‌చంద్ దళం స్వర్ణంతో తిరిగివచ్చింది. గోపాలన్‌కు ఇంగ్లండులో ఒక్క టెస్టు కూడా దక్కలేదు.

జాబితా ఇక్కడ ఆపి తూచి చూడండి. గెలిచితీరే జట్టు అని ఎవరూ అనరు. కాని ఈ బౌలింగుతో ఏ ఇంగ్లండు మైదానంలోనైనా, ముఖ్యంగా తడి నేలపై, ఎదుటివారిని వణికించవచ్చని మాత్రం నిస్సంకోచంగా అనవచ్చు. ఇక తూచవలసినది నాయకుణ్ణి.

విజయానందుడు 1905 డిసెంబరు 28న జన్మించాడు. తండ్రి విజయరామ గజపతి 1922లో మరణించగా, విజయనగరం జమీ అన్నగారైన అలక నారాయణ గజపతికి వచ్చింది. తమ్ముడు కాశీలోని ఆస్తులవైపు తరలిపోయాడు. అజ్మీరులో మేయో కళాశాల, ఇంగ్లండులో హెయిలీబరీ, ఇదీ ఆయన చదువు. ఇక్కడొక సంగతి గమనించాలి. విజయనగరం ఎంత పేరున్నదైనా, 1802 శాశ్వత పైసలాతో అది జమీందారీయే; పటియాలావలె స్వదేశ సంస్థానం కాదు. అంటే ఈయన రాజు కాని వంశంలో, అందునా రెండవ కుమారుడు. 'మహారాజకుమార్' అన్న బిరుదు తప్ప ఆయన కూర్చోగల గద్దె లేదు. ఈయన క్రికెట్టు వ్యామోహం యావత్తూ ఆ లేని గద్దెకై వెదుకులాటగా నాకు తోస్తుంది. పటియాలా భూపీందర్ సింగ్‌తో చేసిన పోటీ అంతా ఈ దృష్టితో చూస్తేనే అర్థమవుతుంది.

1926లో కాశీలో మైదానం వేయించి సొంత జట్టు కట్టాడు. శాసనోల్లంఘన కారణంగా 1930–31లో ఎం.సి.సి. రాక ఆగిపోతే, ఆ లోటు తానే పూడ్చదలచి జాక్ హాబ్స్‌నూ, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నూ రప్పించి భారతదేశమూ, సింహళమూ తిప్పాడు. హాబ్స్ శతకాలు 197 అని కొందరు, 199 అని కొందరు నేటికీ వాదించుకుంటారు. తేడా వచ్చిన ఆ రెండు శతకాలూ విజ్జీ జట్టుకు ఆడి చేసినవే. ప్రపంచ క్రికెట్టు లెక్కలలో విజయనగరం పేరిట మిగిలిన వ్యాజ్యమిది! తరువాత వెస్టిండీసు నుండి లియరీ కాన్‌స్టంటైన్‌ను కూడా పిలిపించాడు. మన కుర్రవాళ్ళు ప్రపంచ స్థాయి ఆటను కళ్ళారా చూసి, వారి పక్కన నిలిచి ఆడి నేర్చుకున్నారంటే అందులో ఈయన ధనానికి భాగముంది. నవ్వేవారు ఈ మాట కూడా చెప్పి నవ్వాలి.

1934లో జాతీయ పోటీకి బహుమతి ఏ పేరున ఉండాలన్న పంతం వచ్చింది. పటియాలావారు రంజీ పేరన్నారు. విజ్జీ వైస్రాయి వెల్లింగ్డన్ పేరుతో బంగారు పాత్ర ఇస్తానన్నాడు. చివరకు రంజీయే నిలిచింది. ఢిల్లీ మైదానంలో పెవిలియనుకు ధనమిచ్చి దానికి వైస్రాయి పేరు పెట్టించిందీ ఈయనే. 1757లో బొబ్బిలి కోటమీదికి బుస్సీ ఫిరంగులను తోడు తెచ్చుకున్న వంశం గదా. దొరల అండతో ఇరుగుపొరుగును గెలవాలనుకోవడం ఆ ఇంటికి కొత్త విద్య కాదు. ఈ మాట విజయనగరం మిత్రులకు కష్టంగా ఉంటే క్షమించాలి. బొబ్బిలివారు నవ్వుకుంటే నా పూచీ లేదు.

ఇంతలో 1936 పర్యటన వచ్చింది. పటౌడీ నవాబు ఆరోగ్యం బాగులేదని తప్పుకోగా, మిగిలినవారు నాయుడు, విజ్జీ. బోర్డు ఓట్లు విజ్జీవైపు మొగ్గాయి. 36 సామాను పెట్టెలతోనూ, ఇద్దరు నౌకర్లతోనూ ఓడ ఎక్కాడని అంటారు.

ఫలితం లోకవిదితమే. అప్పటికే 600కు పైగా పరుగులు, 30కి పైగా వికెట్లు తీసి ఊపుమీదున్న అమరనాథ్, మైనర్ కౌంటీలతో జరిగిన ఆటలో ప్యాడ్లు కట్టుకుని కూర్చోగా, అతనిని కాదని ఇతరులను ముందు పంపారు. అతడు కోపంతో ఏదో అన్నాడు. క్రమశిక్షణ తప్పాడంటూ నాయకుడూ, మేనేజరు బ్రిటన్-జోన్సూ కలిసి అతణ్ణి ఓడ ఎక్కించి ఇంటికి పంపివేశారు. మొదటి టెస్టుకు కొద్ది రోజులే వ్యవధి ఉంది.

ఆ టెస్టును చూస్తే మనసు చివుక్కుమంటుంది. లార్డ్సులో మనవారు 147కే ఔటయ్యారు. అయితే అమర్ సింగ్ 35 పరుగులిచ్చి 6 వికెట్లు తీయగా ఇంగ్లండు 134కే కూలింది. మనకే 13 పరుగుల ఆధిక్యం! బొంబాయి రేవులో మనం తూచిన తూనిక తప్పు కాదన్నమాట. కాని రెండవ ఇన్నింగ్సులో మనవారు 93కే కుప్పకూలారు; ఇంగ్లండు 9 వికెట్ల తేడాతో గెలిచింది. అమరనాథ్ ఉంటే గెలిచేవారమని ఎవరూ ప్రమాణం చేయలేరు. కాని 93 పరుగుల జట్టులో అతనికి చోటు లేదనడానికీ ఎవరికీ నోరు రాదు.

మాంచెస్టరులో మర్చంట్ 114, ముస్తాక్ 112 చేసి తొలి వికెట్టుకు 203 జోడించి పరువు నిలిపారు. మర్చంట్‌ను రనౌట్ చేయించమని నాయకుడే ముస్తాక్‌కు చెప్పాడనీ, ముస్తాక్ ఆ సంగతి మర్చంట్ చెవిన వేయగా ఇద్దరూ నవ్వుకున్నారనీ ప్రతీతి. ఆ ఆట మనకు మరొక విధంగా ముఖ్యం. మధ్యలో పిలిపించిన సి.ఎస్. నాయుడుతో కలిపి చూస్తే, ఆనాటి పదకొండుమందిలో నలుగురు తెలుగువారు: విజ్జీ, నాయుడు సోదరులిద్దరు, రామస్వామి. రామస్వామి నలభై ఏళ్ళ వయసులో తొలి టెస్టు ఆడి 40, 60 చేశాడు. మనవారి సంఖ్య చూసి పొంగిపోయే ముందు ఆ నలుగురిలో ఒకరు మరొకరిని ఎంత వేధించాడో కూడా చెప్పుకోవాలి. ఓవల్ టెస్టులో బకా జిలానీకి చోటు దక్కడానికి, ఉదయపు ఫలహారం వేళ సి.కె. నాయుడును అందరి ముందు అవమానించడమే అర్హత అయిందని అంటారు. ఆ టెస్టులోనే గబ్బీ అలెన్ బంతి దెబ్బ తిన్న తరువాత కూడా నాయుడు నిలబడి 81 పరుగులు చేశాడు. అదే అతని చివరి టెస్టు. ఓవల్‌లోనూ మనకు 9 వికెట్ల ఓటమే.

నాయకుడి సొంత లెక్క: మూడు టెస్టులు, ఆరు ఇన్నింగ్సులు, 33 పరుగులు, సగటు 8.25. పర్యటన సాగుతుండగానే ఆయనకు 'సర్' బిరుదు వచ్చింది. ఆయన వెదికిన గద్దె దొరికింది. అయితే అది క్రికెట్టులో కాదు. స్వాతంత్ర్యం వచ్చే ముందు 1947లో ఆ బిరుదునూ వదులుకున్నాడు.

తరువాత బొంబాయి ప్రధాన న్యాయమూర్తి బోమంట్ అధ్యక్షతన విచారణ జరిగింది. 1937 ఆరంభంలో వచ్చిన నివేదిక అమరనాథ్‌ను నిర్దోషిగా తేల్చి, నాయకత్వాన్ని తప్పు పట్టింది. ఫీల్డర్లను ఎక్కడ నిలపాలో, బౌలర్లను ఎప్పుడు మార్చాలో నాయకునికి తెలియలేదన్నది దాని సారం. నిస్సార్, అమర్ సింగ్ వంటివారు చేతిలో ఉన్న మనిషి గురించి అన్న మాటలివి.

విజయనగరంలో విజ్జీ పేర స్టేడియం ఉంది. విశ్వవిద్యాలయాల జోనల్ పోటీకి విజ్జీ ట్రోఫీ ఉంది. 1954 నుండి మూడేళ్ళు బోర్డు అధ్యక్షుడు, 1958లో పద్మభూషణ్, 1962లో విశాఖపట్నంనుండి లోక్‌సభ సభ్యుడు, రేడియో వ్యాఖ్యాత. ఇన్ని పనులు చేసి 1965 డిసెంబరు 2న కాశీలో కన్నుమూశాడు. వీటిలో నా మనసుకు నచ్చిన పని మరొకటి ఉంది. ఉత్తరప్రదేశ్ క్రికెట్టును పెంచడానికి పూనుకున్న విజ్జీ, 1956–57 రంజీ పోటీలకు ఆ రాష్ట్ర జట్టు నాయకత్వం వహించమని ఒక పెద్దమనిషిని పిలిచాడు. ఆ పెద్దమనిషికి అప్పుడు 61 ఏళ్ళు. పేరు సి.కె. నాయుడు. పిలిస్తే వచ్చాడు, రాజస్థాన్‌పై 84 పరుగులు కూడా చేశాడు.