రత్నాల బుడ్డి, తోలు తిత్తి: పాత్ర ఎవరిది?

పాత వస్తువు కనబడగానే చరిత్రకారులు అడిగే మొదటి ప్రశ్న ‘ఇది ఎవరిది?’ అని. ఎవరు చేశారని అడిగేవాళ్లు తక్కువ. ఈ రెండు ప్రశ్నల మధ్యనే కులం దాక్కొని ఉంది.

2004లో లండన్‌లో క్రిస్టీస్ వేలం సంస్థ ఒక తాగే బుడ్డిని అమ్మింది. మొఘల్ కాలం నాటిది, రత్నాలు పొదిగినది. 29 లక్షల పౌండ్లకు పైగా పలికింది. 1757 ప్లాసీ యుద్ధం తర్వాత అది రాబర్ట్ క్లైవ్ చేతికి వచ్చిందని చెప్తారు. ఆ యుద్ధం తర్వాత మీర్ జాఫర్ నుంచి క్లైవ్ పుచ్చుకున్న సొమ్ము 2,34,000 పౌండ్లు. దానికి ‘కానుక’ అని పేరు పెట్టారు. దోపిడీకి పెట్టిన ఆ ముద్దుపేరు నేటికీ వస్తువు విలువను పెంచుతూనే ఉంది. పొదిగిన పనివాడి పేరు మాత్రం ఏ వేలంలోనూ వినబడదు.

ఇప్పుడు మన నేలకు వద్దాం. గోస్పాడు, నంద్యాల ప్రాంతం కుందూ ఒడ్డున ఉన్న నల్లరేగడి సీమ. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పట్టుకొని 1839లో కంపెనీ ఆ రాజ్యాన్ని మింగింది. దొరలు మారారు. బావి గట్టు మీద కపిల తోలడం మాత్రం మారలేదు. ఎద్దులు వాలులో దిగుతుంటే తోలు బాన నీళ్లు మోసుకొని పైకొచ్చేది, తొండం గుండా కాలువలోకి పోసేది. ఆయిల్ ఇంజన్లూ కరెంటు మోటార్లూ వచ్చేదాకా రాయలసీమ బావి సేద్యానికి అదే ఊపిరి.

ఆ బాన ఎవరు చేశారు? మాదిగలు. చచ్చిన పశువును మోసుకొచ్చి, తోలు తీసి, లందలో సున్నం నీళ్లలో నానబెట్టి, తంగేడు చెక్కతో పదును చేసి, వారుతో కుట్టినోళ్లు. చుక్క కారకుండా కుట్టడం చిన్న విద్య కాదు. తోలు ఎంత నానాలో, ఎప్పుడు తీయాలో తెలిసిన ఆ జ్ఞానాన్ని బడిపుస్తకం విజ్ఞానమని ఒప్పుకోలేదు. నీళ్ల తిత్తి, నూనె సిద్దె, కపిల బాన, చెప్పు, అన్నీ ఆ చేతుల పనే. కూలి? కళ్లంలో గింజల మేర. బాన రైతుది, బావి రైతుది, పంట రైతుది. మాదిగకు మిగిలింది ‘అంటు’. తోలు బాన తోడిన నీళ్లు పైరుకు పనికొచ్చాయి. ఆ తోలు కుట్టిన చెయ్యి మంచినీళ్ల బావిని తాకితే మాత్రం మైలపడింది! ఇదెక్కడి శాస్త్రం?

అందుకే మన చరిత్రలో పాత్ర అంటే నీళ్ల హక్కు. 1927 మార్చి 20న అంబేద్కర్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగింది ఆ హక్కు కోసమే. 1985లో కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్లను పాడు చేస్తుంటే కొందరు ఎదురు చెప్పారు. తన మీదికి వచ్చినవాళ్లను ఆపడానికి మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తింది. మరుసటి రోజు, జులై 17న, భూస్వాములు దాడి చేసి ఆరుగురు మాదిగలను చంపారు. బిందె ఎత్తడమే ఈ దేశంలో ధిక్కారమైంది. క్లైవ్ బుడ్డికి దొరికిన కీర్తిలో వెయ్యో వంతైనా ఆ బిందెకు చరిత్ర పుస్తకాల్లో దొరికిందా?

మన దగ్గర సాక్ష్యాలు లేవని పండితులు అంటారు. డక్కలి వాళ్లు మాదిగలకు చెప్పే జాంబపురాణం సాక్ష్యం కాదా? లంద గోతుల జాడలు, ముసలోళ్ల నోట మిగిలిన పనిముట్ల పేర్లు సాక్ష్యం కావా? వంద ఏళ్లు దాటిన కళావస్తువును 1972 చట్టం పురావస్తువంటుంది. వాడుకలో ఉన్న తోలు వందేళ్లు నిలవడం అరుదు, చీకిపోతుంది. కాబట్టి దాచాల్సింది జ్ఞాపకాన్ని.

విద్యార్థులు, ఉపాధ్యాయులు సెలవుల్లో ఊళ్లకు పోయినప్పుడు ఈ ప్రశ్నలు అడగండి: మీ ఊళ్లో చివరి కపిల బాన కుట్టింది ఎవరు? ఎంత మేర ఇచ్చారు? ఆ మనిషి ఏ బావి నీళ్లు తాగాడు? జవాబులు రాసిపెట్టండి. అందులో చేసినవాళ్ల పేరు ముందు రాయండి, వాడుకున్నవాళ్ల పేరు తర్వాత.